ఎవరైనా చూడొచ్చట

బుకిట్ బటోక్, సింగపూర్
మార్చి 12, 2000

తారా,

కుశలప్రశ్నలు తర్వాత. ముందు నా కోపం విను.

ఈమెయిలు ఇవ్వొచ్చుగా అంటావు. మీ ఇంట్లో మొగుడూ పెళ్ళాలకు కలిపి ఒకటే ఈమెయిలు. ఈ సంగతి రంగనాథ్ అన్నయ్యగారి కంట పడకూడదు. పైగా ఇంగ్లీషులో నాకు కోపం సరిగ్గా రాదు.

నిన్న గోంగూర కోసం మా పక్కింటి హాజరా ఆంటీతో కలిసి సెరంగూన్ రోడ్డుకు వెళ్ళాను. ఆవిడ మేనల్లుడు లియాఖత్ సంచులు మోయడానికి వచ్చాడు. పోయినేడాది దాకా అమెరికాలో మీ కౌంటీలోనే ప్రోగ్రామరుగా ఉండి, ఇప్పుడు ఇక్కడి బ్యాంకు ప్రాజెక్టులో చేరాడు. నేను ఊరుకోవచ్చు కదా? మా చెల్లెలు ఇందుమతికి అక్కడే సంబంధం కుదిరింది, ఓగిరాల వాళ్ళబ్బాయి అని గొప్పగా చెప్పాను. ఆ అబ్బాయి నడుస్తున్నవాడు ఆగిపోయాడు.

"ఓగిరాలనా ఆంటీ? ఆయన్ని పోలీసులు పట్టుకున్నరు కదా, తాగి కారు నడుపుతుంటే. కోర్టుల కేసు కూడా నడిచింది."

"నువ్వు చూశావా?"

"నేను ఆ మనిషిని ఎన్నడూ చూడలే. మనోళ్ళందరికీ ఎరుకే గానీ."

అందరికీ ఎరుకేనట! సంబంధం అనుకోగానే మా నాన్న మీ ఊళ్ళో తెలుగువాళ్ళందరినీ పేరుపేరునా వాకబు చేశారు. అందరూ బంగారంలాంటి పిల్లాడన్నారు. పెళ్ళి చెడగొట్టిన పాపం మనకెందుకని నోళ్ళు కుట్టేసుకున్నారన్నమాట. పిల్ల గొంతు కొయ్యడం మాత్రం పాపం కాదు కాబోలు! ఇక్కడైతే తాగి నడిపినవాడి పేరు పేపర్లో వేస్తారు, బస్సులో పక్కసీటువాడు కూడా చదువుతాడు.

మా ఇంట్లో ఈ మాట ఎలా తగులుతుందో నీకు వేరే చెప్పాలా? ఇందు పదో తరగతిలో ఉండగా తాగిన లారీ డ్రైవరు రిక్షాను గుద్ది మా అమ్మను పొట్టన పెట్టుకున్నాడు. తెనాలి బజారంతా చూసింది. కోర్టులో మాత్రం ఒక్కడూ చూడలేదన్నాడు. వాడు నవ్వుకుంటూ బయటికి నడిచాడు. తాగి బండి నడిపిన వాడికి పిల్లనివ్వడం కంటే ఇంట్లో ఉంచుకోవడం నయమంటారు నాన్న. నేనూ అదే అంటాను.

పెళ్ళికొడుకు గోపీకృష్ణ, మీ రంగనాథ్ అన్నయ్యగారికి సొంత బాబాయి కొడుకు. తండ్రి లేని పిల్లాడని పెళ్ళిలో మీరిద్దరే పీటల మీద కూర్చుంటున్నారు. అందుకే నిన్ను అడుగుతున్నాను. నిజం కనుక్కో. ఎవరికీ చెప్పకు. శ్రావణంలో ముహూర్తం, ఎంతో దూరం లేదు.

అన్నయ్యగారి నడుం నొప్పి మళ్ళీ రాలేదు కదా? కావాలంటే తైలం ఇంకో రెండు సీసాలు పంపుతాను.

నీ
వసుంధర

*

ఫెయిర్‌బ్రూక్ కౌంటీ, అమెరికా
మార్చి 27, 2000

వసూ,

నీ ఉత్తరం చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. కోప్పడకు. గోపీ తాగడమేమిటే! కోక్‌లో ఐసు ఎక్కువైతే జలుబు చేసే మనిషి. ప్రతి ఆదివారం మా ఇంట్లో భోంచేసి, వద్దంటున్నా గిన్నెలు తోమి వెళ్తాడు. రెండేళ్ళ కిందట శీతాకాలంలో మంచు మీద కారు జారి చెట్టుకు తగిలి ఈయన నడుం పట్టేసినప్పుడు, డాక్టరు స్టీరింగు ముట్టుకోవద్దన్నాడని రాశాను గుర్తుందా? ఆర్నెల్లపాటు ఈయన్ని ఆఫీసుకు తీసుకెళ్ళిందెవరనుకున్నావు, గోపీయే. శనివారాలు ఫిజియోథెరపీకి తీసుకెళ్ళి, అయ్యేదాకా బయట కారులో కూర్చునేవాడు. నేను డ్రైవింగు నేర్చుకున్నదీ అప్పుడే. పడుకోబోయే ముందు నువ్వు పంపిన తైలంతో వీపు రాసీ రాసీ నా అరచేతులు మండిపోయేవి. ఇల్లంతా ఆ వాసనే. మా బాబు వాళ్ళ టీచరు ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని కూడా అడిగింది.

అయినా అడిగావు కాబట్టి కనుక్కుంటాను. ఇక్కడ అదేమీ కష్టం కాదట. కోర్టు గుమాస్తా ఆఫీసులో కేసుల రికార్డులన్నీ జనం చూసుకోవడానికే పెడతారట. తాగి నడిపిన కేసులు కూడా. నువ్వెవరు, ఎందుకు అని అడగరట. ఎవరైనా చూడొచ్చట. మా పక్కింటామె చెప్పింది.

ఎవరికీ చెప్పొద్దన్నావు, ఈయనకు చెప్పాను. పెళ్ళయ్యాక ఆయనకు తెలియకుండా నేనే పనీ చెయ్యలేదు, ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టలేను. తింటున్న పళ్ళెం పక్కకు నెట్టేశారు. "ఊళ్ళోవాళ్ళ ఫైళ్ళు తవ్వే పని నీకెందుకు? నా తమ్ముడి మీద నిఘా పెడతావా?" అని గట్టిగా అరిచారు. ఆయన అరవగా నేనెప్పుడూ చూడలేదు. తమ్ముడంటే ప్రాణం కదా, మనసు కష్టపెట్టుకున్నారు పాపం.

అయినా వెళ్తాను. ఆ లియాఖత్ ముక్కు నేలకు రాయించాలి కదా!

నీ
తార

*

బుకిట్ బటోక్
ఏప్రిల్ 20

తారా,

ఇంకా ఏ కబురూ లేదేమిటి? రోజూ కింద పోస్టుబాక్సు తెరవడం, పిజ్జా కాగితాలు తీసుకుని పైకి రావడం, ఇదే పనైంది.

ఇక్కడ సంగతి ముదిరింది. మా ఆయన కృష్ణప్రసాద్ కడుపులో మాట దాగదు. ఫోనులో నాన్న దగ్గర వాగేశారు. ఇందు మా దగ్గరే ఉండి ఉద్యోగం చేసుకుంటోంది కదా, అదీ వింది. ఫోన్ కార్డు కొనుక్కొచ్చి తనే గోపీకి చేసింది. నేను పక్కనే చెవి ఆనించి కూర్చున్నాను.

"మీ మీద కేసుందా?" అంది.

"నా మీద లేదు."

"మరెవరి మీద?"

"అది నేను చెప్పలేనండి."

చెప్పలేడట! ఏ తప్పూ లేనివాడు అలా నీళ్ళు నములుతాడా? ఇందు మాత్రం లేదంటున్నాడుగా అక్కా అని వాడినే వెనకేసుకొస్తోంది. దాని మొహం చూస్తే నాకు ఏడుపొస్తోంది. మనసు ఇచ్చేసింది వెర్రిపిల్ల.

తొందరగా రాయి.

వసుంధర

*

ఫెయిర్‌బ్రూక్ కౌంటీ
మే 2

వసుంధరకు,

కోర్టుకు వెళ్ళాను. గోపీకృష్ణ పేరు మీద ఏ కేసూ లేదు. మీ నాన్నగారికి అలాగే చెప్పు. ఇక ఈ విషయం వదిలెయ్యి. బాబుకు జలుబు చేసింది. ఉంటాను.

తార

*

బుకిట్ బటోక్
మే 14

తారా,

ఇదా నువ్వు రాసే ఉత్తరం? కరెంటు ఆఫీసువాళ్ళ నోటీసు ఇంతకంటే ఆప్యాయంగా ఉంటుంది. 'వసుంధరకు' అట! హాస్టల్లో ఒకే దుప్పట్లో ముడుచుకుని పడుకున్నదాన్ని, నాకు నువ్వు దాస్తున్నావని ఆ ఒక్క పిలుపుతోనే తెలిసిపోదా?

నువ్వు అబద్ధం ఆడుతున్నావు. మీ మరిది కాబట్టి, మీ ఇంటిపేరు కాబట్టి, మీ ఆయన అరిచాడు కాబట్టి. పరాయి వాళ్ళు నోరు మూసుకుంటే తిట్టుకుని ఊరుకున్నాను. నువ్వు కూడానా?

వాడు నీళ్ళు నమలడం, నీ ముక్తసరి ఉత్తరం విని నాన్న సంబంధం వద్దని చెప్పేశారు. కల్యాణమండపం వదులుకున్నారు. ఇందు ఆఫీసుకు వెళ్తోంది, వస్తోంది, గదిలోకి పోయి తలుపు వేసుకుంటోంది. మా అక్షర ఏడేళ్ళ పిల్ల, ఇక్కడి ఇంగ్లీషులో "పిన్నీ ఈటింగ్ నథింగ్ లా అమ్మా" అని దాని టిఫిన్ డబ్బాలోంచి బిస్కెట్లు తీసుకెళ్ళి ఆ తలుపు కింద పెడుతోంది.

ఒక్క మాట రాసి ముగిస్తాను. అమ్మ పోయాక నాన్న సాక్ష్యం చెప్పమని బజారులో కొట్టుకొట్టుకూ తిరిగారు. నన్నూ వెంట తీసుకెళ్ళారు. ప్రతివాడూ ఒకటే చెప్పాడు, "ఇక ఈ విషయం వదిలెయ్యండి మాస్టారూ" అని. నీ ఉత్తరంలో అచ్చంగా అదే వాక్యం ఉంది. కావాలంటే గుర్తు తెచ్చుకో.

ఇక నీకు రాయను.

వసుంధర

*

ఫెయిర్‌బ్రూక్ కౌంటీ
మే 27

వసూ,

నువ్వు రాయకపోయినా ఇది చదువు. ఆ వాక్యం నాకు చెంపదెబ్బలా తగిలింది, తగలాల్సిందే.

గోపీ మీద కేసు లేదన్నది నిజం. నేను అబద్ధం రాయలేదు, సగం రాసి ఆపేశాను.

ఆ ఆఫీసులో కళ్ళజోడుకు గొలుసు తగిలించుకున్న పెద్దావిడ ఉంది. ఎవరి కేసు కావాలంది. కాగితం మీద గోపీ పేరూ ఇంటిపేరూ రాసిచ్చాను. ఇంటిపేరుతోనే వెతుకుతారట. కంప్యూటరులో కొట్టి, "ఈ మొదటి పేరు లేదు. ఓగిరాల అని ఇంకొకాయన ఉన్నాడు, ఆయనా?" అని తెర నా వైపు తిప్పింది. ఓగిరాలవాళ్ళు ఈ కౌంటీ మొత్తం మీద ఇద్దరే వసూ.

రంగనాథ్. మా ఇంటి చిరునామా. 1997 డిసెంబరు. తాగి వాహనం నడుపుట, స్తంభమును ఢీకొనుట, నేరము ఒప్పుకొనెను. ఆరు నెలలు లైసెన్సు రద్దు. ప్రతి శనివారం మద్యం గురించిన తరగతికి తప్పక హాజరు కావలెను.

ఫిజియోథెరపీ!

మంచూ లేదు, చెట్టూ లేదు. నడుం అసలే లేదు! ఆర్నెల్లు ఏ నొప్పీ లేని వీపుకు తైలం రాశాను. "ఇంకొంచెం కింద" అనేవాడు వసూ! "ఆఁ, అక్కడే" అనేవాడు!

ఆ స్తంభం ఎక్కడిదో తెలుసా? మా బాబు స్కూలు బస్సు ఆగే మూల మీదిది. మర్నాడు పొద్దున ఈయన నడుం పట్టుకుని మరీ వచ్చారు, ముగ్గురం అక్కడే నిలబడ్డాం. స్తంభం వంగి ఉంది, గాజు పెంకులు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి. "ఏ తాగుబోతు వెధవో, పిల్లలు నిలబడే చోట" అన్నాను. ఈయన బాబు టోపీ సర్దుతూ "అవును, వెధవలు" అన్నారు. నాకు ఆ ముక్కే మింగుడు పడటం లేదు. తాగాడు, పట్టుబడ్డాడు, ఒప్పుకున్నాడు, పోనీ అనుకుందామన్నా ఆ "అవును" అడ్డం పడుతోంది.

ఇక్కడ అందరికీ తెలుసట. కంపెనీ పార్టీలో తాగి బయల్దేరినప్పుడు చూసినవాళ్ళు మనవాళ్ళే. ఆ మగవాళ్ళ పెళ్ళాలకూ తెలుసు. పాట్‌లక్‌లకు తలో వంట గిన్నెతో మా ఇంటికి వచ్చి, నా కాకరకాయ తిని, నడుం నొప్పికి వాము వేయించి కాపడం పెట్టమని నాకు చిట్కాలు చెప్పారు. పెట్టాను కూడా. కోర్టు తలుపులు బార్లా తెరిచి ఎవరైనా చూడండి అంటుంటే, మనవాళ్ళు మాత్రం నా ఒక్కదాని చుట్టూ తెరలు కట్టారు.

గోపీకీ తెలుసు. ఆ రాత్రి స్టేషన్ నుంచి తీసుకొచ్చింది వాడేనని ఫైలులోనే ఉంది. ఇందు అడిగినా, సంబంధం చెడుతున్నా, నింద తన మీద పడుతున్నా వాడు అన్న పేరు చెప్పలేదు. వాణ్ణి మెచ్చుకోవాలో చెవి మెలేయాలో నాకు తోచడం లేదు. ప్రతి ఆదివారం నా చేతి అన్నం తిని నా మొహంలోకి చూసి నవ్వినవాడు.

నా ఇంటి గుట్టు కాపాడుకోవడానికి నీ చెల్లెలి పెళ్ళి చెడగొట్టాను వసూ. ఆ కేసు కాగితం నకలు ఇందులో పెడుతున్నాను. నువ్వు చూడు, ఇందుకు చూపించు. మీ నాన్నగారికి మాత్రం చూపించకు. ఆయన వినాల్సింది నా కాగితం నుంచి కాదు, చేసినవాడి నోటి నుంచి. ఆ పూచీ నాది.

ఈయనకు ఇంకా నాకు తెలిసిందని తెలియదు.

తార

*

బుకిట్ బటోక్
జూన్ 8

నా తారా,

నిన్ను అబద్ధాలకోరు అన్న నోటిని ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు. ఇక్కడ ఉంటే నీ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చేదాన్ని. ఒక ఇంటిపేరు వినపడగానే నేనే పేరు అతికించేసుకున్నాను. లియాఖత్ పాపం ఓగిరాల అన్నాడే గానీ గోపీ అనలేదు.

కానీ నా తైలం సీసాలు! టెక్కా మార్కెట్టులో ఏరి కొని, మీ వైపు వచ్చే ప్రతి ప్రోగ్రామరునూ బతిమాలి, సాక్సుల్లో చుట్టి పంపాను. ఒకాయన సూట్‌కేసులో కారిపోయి ఆయన పెళ్ళి సూటు పాడైతే క్షమాపణలు చెప్పుకున్నాను. లేని నొప్పికి! వంటింట్లో మిగిలిన సీసాను పట్టుకుని తిడుతుంటే అక్షర వచ్చి, "వై యూ స్కోల్డ్ ద బాటిల్? బాటిల్ నెవర్ డూ ఎనీథింగ్ వాట్!" అంది. నిజమే, సీసా ఏం చేసింది!

నువ్వు చెప్పినట్టే నాన్నకు చూపించలేదు. కానీ ఎక్కువ రోజులు ఆగలేను తారా. నీ మొగుణ్ణి నోరు తెరవమను. కింద ఇందు రాస్తుందట.

వసు

తారక్కా,

గోపీకృష్ణగారికి ఫోన్ చేశాను. కాగితం నా చేతిలో ఉంది, ఇప్పుడైనా చెప్పండి అన్నాను. "అన్నయ్య నన్ను చదివించాడు, నా నోటితో ఎలా చెప్పను?" అన్నారు. "వదిన మీకు ఇన్నేళ్ళూ అన్నం పెట్టింది, ఆవిడ మాటేమిటి?" అన్నాను. నింద నెత్తిన వేసుకున్నాడు, ఎంత మంచివాడో అని అక్క కరిగిపోతోంది. నాకు మాత్రం ఒళ్ళు మండుతోంది. రేపు ఇంకెవరి కోసమో నా దగ్గరా ఇలాగే నోరు మూసుకుంటే? మీ ఎదురుగా కూర్చుని, మీ మొహంలోకి చూసి చెప్పేదాకా నేను ఫోను ఎత్తనని చెప్పేశాను. ఆయన నాకు కావాలక్కా. కానీ ఇలాగైతే వద్దు.

ఇందుమతి

*

ఫెయిర్‌బ్రూక్ కౌంటీ
జూన్ 29

వసూ, ఇందూ, ఇద్దరికీ కలిపి,

గోపీ వచ్చాడు. ఆదివారం కాదు, బుధవారం, ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చాడు. అన్నం వడ్డిస్తే ముట్టుకోలేదు. మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. నేను అరిచాను. అరిచినంతా విని, "ఇంకా ఏమైనా అనండి వదినా" అన్నాడు. అన్నాను. ఇందూ, కళ్ళు దించకుండా చెప్పాడమ్మా. ఇక ఫోను ఎత్తు.

అసలు సంగతి ఆదివారం జరిగింది. పాట్‌లక్ మా ఇంట్లో. పొద్దున్నే నా దగ్గరున్న ఇంకో నకలు ఫ్రిజ్ తలుపు మీద, బాబు గీసిన ఏనుగు బొమ్మ పక్కన అయస్కాంతంతో అంటించాను. ఎండాకాలం కదా, ఐసు కోసం ప్రతివాళ్ళూ ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళారు. వెళ్ళిన ప్రతివాళ్ళూ చదివారు. ఒక్కళ్ళూ కిక్కురుమనలేదు. వాము కాపడం చెప్పినావిడ మాత్రం పులిహోర అద్భుతంగా ఉందని పదే పదే అంది. నేను చేసింది కొబ్బరన్నం.

చివరికి ఈయన మంచినీళ్ళకు వెళ్ళారు. చాలాసేపు అక్కడే నిలబడిపోయారు. "తారా, తీసెయ్" అన్నారు చిన్నగా.

"ఎందుకు తీయడం? కోర్టులో వాళ్ళే తలుపు తీసి పెట్టారు. ఎవరైనా చూడొచ్చట" అన్నాను, హాల్లోకి వినపడేలా.

జనం చెప్పులు వేసుకున్నారు. వాళ్ళంతా వెళ్ళాక ఆయన ఏడ్చారు. నేను ఏడవలేదు, అది ముందే అయిపోయింది. "నన్ను క్షమించమని అడక్కండి, దానికి టైముంది. ముందు తెనాలికి ఫోను చెయ్యండి. మీ నిందను మోస్తున్నవాడి మీంచి దించండి" అన్నాను.

మర్నాడు చేశారు. నేను స్పీకరు నొక్కి పక్కనే నిలబడ్డాను. మీ నాన్న సీతారామారావు మాస్టారు అంతా విన్నారు. ఆఖరున ఒకటే అడిగారు, "ఆ స్తంభం దగ్గర ఆ వేళ ఎవరైనా నిలబడి ఉంటే బాబూ?" అని. ఈయన బాబు స్కూలు సంచి వైపు చూశారు. తర్వాత మాస్టారు, "మీరు మీ నోటితో చెప్పారు. తెనాలి బజారులో నాకు ఆ మాత్రం కూడా దొరకలేదు. పిల్లనిస్తాను. కానీ ఆ పీటల మీద మీరు కూర్చోవద్దు" అన్నారు.

నాకు ఆయన కాళ్ళకు దండం పెట్టాలనిపించింది వసూ.

గోపీ మేనమామ దంపతులు పీటల మీద కూర్చుంటారు. ఈయన చివరి వరసలో కూర్చుంటానన్నారు, కూర్చోనీ. నేను బాబును తీసుకుని పెళ్ళికూతురి వైపు కూర్చుంటాను. నీ పక్కన కుర్చీ ఆపి ఉంచు. మీ సింగపూర్‌లో తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్టు పెట్టి బల్ల ఆపుకుంటారని రాశావే, అలా.

ఈయన హాల్లో సోఫా మీద పడుకుంటున్నారు. అది పొట్టి సోఫా. ఈ పొద్దున లేవబోయి లేవలేకపోయారు. ఈసారి నిజంగానే నడుం పట్టేసింది. నువ్వు పంపిన వాటిలో ఆఖరి సీసా అలమరాలో ఉంటే తెచ్చి చేతికిచ్చాను. మూత తీసి కూర్చున్నారు. నొప్పి ఉన్న చోటికి చెయ్యి అందడం లేదు.

నేను బాబును బస్సు ఎక్కించడానికి వెళ్ళిపోయాను.

నీ
తార